చేరినాకే చీపురు

ఇంటి మనిషి ప్రయాణమై వెళ్తే, అక్కడికి చేరేదాకా ముత్తెమ్మ ఇల్లు ఊడ్వదు. పెర్కిట్‌లో బీడీలు చుట్టుకునే ఆమెకు అదో పట్టింపు. భర్త గంగాకిషన్ దుబాయ్ వెళ్లినన్నాళ్లూ ఇబ్బంది లేదు. పొద్దున్నే విమానమెక్కితే మధ్యాహ్నం వంటయ్యేసరికి కబురొచ్చేది. ఈసారి రొమేనియా వెళ్తున్నాడు, దోహాలో విమానం మారాలి. తునికాకు ముక్కలు గడప దాకా పరుచుకున్నాయి.

"చీపురుకు గూడ వీసా రావాల్నా, అక్కా?" అంది పక్కింటి విజయశ్రీ. ముత్తెమ్మ నవ్వి ఒళ్లోని చేట సర్దుకుంది.

మధ్యాహ్నం దోహా నుంచి ఫోనొచ్చింది. "దిగిన. ఇగ ఊడ్సుకో."

"నడిమిట్ల ఆగుడు చేరుడైతదా?"

రొమేనియాలో దిగానని అతను చెప్పేసరికి ఇంట్లో దీపం పెట్టడం అయిపోయింది.

"ఇప్పుడన్న ఊడ్వరాదక్కా," అంది విజయశ్రీ.

"దీపం పెట్టినంక ఎవరన్న ఊడుస్తరానే?" అంటూ ముత్తెమ్మ ఆ చెత్తను కాలితో పక్కకు నెట్టి, హాయిగా చాప పరుచుకుంది.