అగ్గిపెట్టెల మీద పెన్సిలు తేదీలు

మొన్న ఎడమ దవడలో ఒక పన్ను జివ్వుమంటుంటే, ఏలూరులో కొత్తగా తెరిచిన పళ్ళాసుపత్రికి వెళ్ళాను. పేరుకి ఆసుపత్రే గానీ లోపల అడుగుపెడితే నగల కొట్టుకి వచ్చానేమో అనిపించింది. చల్లగా ఏసీ, అద్దాల తలుపులు, గోడ పొడవునా నవ్వుతున్న ముఖాల ఫొటోలు, మనకి ఏ నవ్వు కావాలో చూపించి అడగడానికి వీలుగా వాటి కింద అంకెలు. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఒక కాగితం ఇచ్చి అన్నీ నింపమంది. బీపీ ఉందా, షుగరు ఉందా అన్నవాటికి గబగబా టిక్కులు పెట్టేశాను గానీ, ఇంట్లో ఎవరికైనా పొగాకు అలవాటు ఉండేదా అన్న ప్రశ్న దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆ గడి ఖాళీగా వదిలేసి కాగితం ఇచ్చేశాను.

నాకు అనుమానం జాస్తి. ఇంకెవరో చెప్పేలోపు నేనే ఒప్పుకుంటే మర్యాదగా ఉంటుంది. తాడేపల్లిగూడెంలో లెక్కల టీచరుగా పనిచేసినన్నాళ్ళూ ఏలూరు నుంచి పాసింజరులో వెళ్ళి వచ్చేదాన్ని. పరీక్ష హాల్లో ఎవరి చొక్కా మడతలో చిట్టీ ఉందో గుమ్మంలోంచే పసిగట్టేస్తానని తోటి టీచర్లు మెచ్చుకునేవారు, ఆ మెచ్చుకోలు తలకెక్కి అవే కళ్ళు ఇంటికీ తెచ్చుకునేదాన్ని. పాలవాడి క్యాను అడుగు చూడనిదే పాలు పోయించుకునేదాన్ని కాదు. గూడెంలో ఉల్లిపాయలు కొంటే పైవరస పక్కన పెట్టించి అడుగువి చూపించమనేదాన్ని. మన వయసు ఆడవాళ్ళలో నాలాంటివాళ్ళు వీధికొకరు ఉండేవారు గనుక మీకు మరీ అంత వింతగా ఉండదనుకుంటాను.

నేను చెప్పేది కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు తెగ్గొట్టిన ఏడాది సంగతి. అప్పటికి మా ఇంట్లో ఉన్నది నేను, కలెక్టరాఫీసులో గుమాస్తాగా ఉన్న మా వారు, మా అత్తగారు. వంటింట్లో అగ్గిపెట్టెలు ఉండవలసినన్ని రోజులు ఉండేవి కావు. పన్నెండు రోజులు రావలసిన పెట్టె వారం తిరక్కుండా ఖాళీ అయ్యేది. నేనూరుకునే మనిషినా, పెట్టె విప్పిన రోజున దాని మీద పెన్సిలుతో తేదీ వెయ్యడం మొదలుపెట్టాను. దానికి తోడు పెరట్లో నీళ్ళ గది వైపు వెళ్తే అప్పుడప్పుడు పొగాకు కంపు కొట్టేది, వెతికితే మాత్రం ఒక్క పీక గాని, చిటికెడు బూడిద గాని కనిపించేది కాదు. ఇంట్లో ఉన్న మగమనిషి ఒక్కరే గనుక నేరం ఎవరిదో తేల్చడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. "ఏవండీ, ఈ వయసులో ఇదేం అలవాటండీ?" అని నిలదీస్తే ఆయన కాదనలేదు, అవుననలేదు, "మానేస్తాలే" అని చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయారు. నిజంగా చెయ్యనివాడైతే ఒట్లు పెట్టుకుని మరీ కాదనేవాడు కదా అని నేను తీర్పు చెప్పేసుకున్నాను.

మా అత్తగారిది కొల్లేటి నడుమ ఒక లంక ఊరు. వానాకాలం వస్తే తాటి దోనె ఎక్కితే తప్ప ఇంకో ఊరు చేరడం ఉండేది కాదని చెప్పేవారు. మా మామగారు పోయాక ఆవిడ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్దగా ఉండి, ఆదివారం వాక్యం చదివితే మైకు అక్కర్లేకుండా చివరి బెంచీదాకా వినిపించే కంచు గొంతుతో చదివేవారు. తాగుబోతు మొగుళ్ళకీ, పొగాకు నమిలే ఆడవాళ్ళకీ ఆవిడ బుద్ధులు చెప్పడం నేను స్వయంగా విన్నాను. బొడ్డులో ఒక చిన్న గుడ్డ సంచి ఉండేది, అందులో లవంగాలూ సోంపూ. మాట్లాడేముందు ఒక లవంగం బుగ్గన పెట్టుకునేవారు. పెద్దావిడకి ఎంత శుభ్రమో అని మురిసిపోయేదాన్ని. అంత అనుమానపు మనిషిని, ఆ లవంగం ఎందుకని ఒక్కనాడైనా అనుకోలేదు చూడండి.

ఆ రోజుల్లో రైల్వే గేటు దగ్గర మేడ మీద ఒక డాక్టరమ్మగారు పళ్ళు చూసేవారు. నాకూ మా వారికీ ఆవిడే. నాకు ముందుపన్ను ఒకటి చిన్నప్పుడు దెబ్బ తగిలి గోధుమరంగుకి తిరిగి, మధ్య వయసులో నొప్పి పెడితే, పీకక్కర్లేదు, రూట్ కెనాల్ చేసి పైన తొడుగు వేస్తే మిగతావాటిలో కలిసిపోతుందన్నారు. నొప్పెట్టిన పన్ను పీకించుకోవడమే తెలిసిన కాలం మనది. ఒక్క పన్నుకి నాలుగుసార్లు రమ్మంటుంటే నాకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? ఎక్స్‌రే ఫిల్ము ఇంటికి తెచ్చుకుని ట్యూబులైటు కింద పెట్టి చూశాను. నరం తీసేశామంటే, తీసిందేదో చూపించమన్నాను. ఆవిడ కోప్పడకుండా, పట్టకారుతో ఎర్రటి దారపు పోగులాంటిది ఎత్తి చూపించారు. తొడుగు వేసుకున్న మొదటివారం చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వానని మా వారు ఇప్పటికీ అంటారు, అయినా ఆ డాక్టరమ్మగారి మీద నాకు పూర్తి నమ్మకం కుదరలేదు.

ఆ తర్వాత మా అత్తగారికి పైపన్ను ఒకటి సలపరం పెట్టింది. ఎన్నిసార్లు రమ్మన్నా ఆవిడ కదల్లేదు. "పైపన్ను జోలికి పోతే కంటిచూపు పోద్దే అమ్మాయ్, రేపు వాక్యం ఎవరు చదువుతారు?" అనేవారు. ఆ మాట మన పెద్దవాళ్ళందరూ అనేదే గనుక నేనూ నిజమే కాబోలనుకుని ఊరుకున్నాను, చివరికి దవడ వాచాక రిక్షా పిలిచి బలవంతాన తీసుకెళ్ళాను. డాక్టరమ్మగారు చిన్న అద్దం నోట్లో పెట్టి చూసి, నన్ను కాసేపు బయట కూర్చోమన్నారు. పచ్చతెర వెనక చాలాసేపు గుసగుసలు వినిపించాయి. బయటికొచ్చిన మా అత్తగారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పన్ను సంగతి పెద్ద కష్టం కాదనీ, కాకపోతే నెలనెలా మొదటి శనివారం తీసుకురావాలనీ, పళ్ళు క్లీనింగ్ చేసి తెల్లబరచాలనీ డాక్టరమ్మగారు నా ముఖం చూడకుండా బల్ల మీది పరికరాలు సర్దుతూ చెప్పారు.

అరవై దాటిన విధవరాలికి, ఉన్న పదహారు పళ్ళకి, తెల్లబరచడమా! ముందే నమ్మకం లేని నాకు ఇక నిద్ర పట్టలేదు. రెండు నెలలు, మూడు నెలలు, నాలుగు నెలలు వెళ్ళొచ్చారు. ఆవిడ ఆవలించినప్పుడల్లా నేను పక్కకి వంగి చూసేదాన్ని, ఒక్క పన్నుకీ తెలుపు రాలేదు. ఇదంతా ముసలావిడని మాటలతో మభ్యపెట్టి తిప్పించుకోవడమేనని తేల్చుకున్నాను. ఆ నాలుగు నెలల్లో ఒక మంచి కూడా జరిగింది: అగ్గిపెట్టెలు సరిగ్గా పన్నెండేసి రోజులు వచ్చాయి. మా వారు దారికొచ్చారని సంతోషించి, ఆయనకి ఇష్టమని కొరమేను పులుసు కూడా పెట్టాను. ఆయన తలొంచుకుని తిన్నారు.

అయిదో నెలలో ఆసుపత్రి నుంచి గుర్తుచేస్తూ ఫోను వస్తే నేనే ఎత్తాను. అత్తయ్యగారు ఇక రారండీ అని పెట్టేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. చీర కట్టుకుని తయారై వసారాలో కూర్చున్న ఆవిడతో, డాక్టరమ్మగారు ఫోను చేశారనీ, అంతా బాగుంది ఇక రానక్కర్లేదన్నారనీ ఒక అబద్ధం చెప్పాను. ఎందుకు చెప్పానంటే, వాదన లేకుండా పని తీరుతుందని. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకున్నారు. "నిజంగా అన్నారా అమ్మాయ్? ఇంకేం లేదన్నారా?" అని రెండుసార్లు అడిగారు. లేదన్నారని నేను రెండుసార్లూ చెప్పాను.

ఆ ఆదివారం మా అత్తగారు చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచారు. దేవుడు తనకి చేసిన మేలు ఇదీ అని విడమరచి చెప్పకుండా, నన్ను కాపాడాడు అని మాత్రం చెప్పి, కృతజ్ఞత కానుక పెట్టి, ఏడుస్తూ కూర్చున్నారు. పళ్ళు తెల్లబడనందుకు ఈ సాక్ష్యమేమిటని నేను ఆడవాళ్ళ బెంచీలో కూర్చుని అనుమానపడ్డాను. తర్వాతి వారం నుంచి అగ్గిపెట్టెల లెక్క మళ్ళీ తప్పడం మొదలైంది, నేను మళ్ళీ మా వారి మీద పడ్డాను.

మరో అయిదు నెలలకి చెక్కలు కొరుకుతుంటే నా పంటి తొడుగు ఊడి చేతిలోకొచ్చింది. గత్యంతరం లేక మేడ మెట్లెక్కాను. డాక్టరమ్మగారు తొడుగు కడుగుతూ, అత్తయ్యగారు వేరే ఆసుపత్రిలో చూపించుకుంటున్నారా అండీ అని అడిగారు. లేదండీ, పళ్ళకేగా అన్నాను. ఆవిడ చేతిలో పని ఆపేసి, "రేపే తీసుకురండి. ఆవిడతో నేను రమ్మన్నానని చెప్పండి, చాలు" అన్నారు. కోపంగా అని ఉంటే నాకు మళ్ళీ అనుమానమే వచ్చేది. ఆవిడ భయంగా అన్నారు.

మర్నాడు డాక్టరమ్మగారు నన్ను బయటికి వెళ్ళమనబోతే మా అత్తగారే నా మణికట్టు పట్టుకుని ఉండమన్నారు. నోరు తెరిచారు. అద్దంలో ఆవిడ అంగిలి కనిపించింది. ఎండాకాలంలో నీరు తీసేసిన కొల్లేటి నేలలాగా తెల్లగా, నెర్రెలు బారి, మధ్యన ఎర్రటి చుక్కలు, ఒక పక్కన మానని పుండు. అడ్డపొగ అని మీలో కొందరు వినే ఉంటారు, చుట్ట నిప్పు ఉన్న కొసని నోటి లోపల పెట్టుకుని కాల్చడం. బయటికి నిప్పు కనపడదు, బూడిద రాలదు, పొగ కూడా అంతంతమాత్రం. మొదటి రోజునే డాక్టరమ్మగారు అది కనిపెట్టి, చుట్ట మానెయ్యాలనీ, నెలనెలా చూస్తాననీ, ఏమాత్రం మార్పు వచ్చినా ముక్క తీసి పరీక్ష చేయించాలనీ చెప్పారట. కోడలికి తెలిస్తే తలెత్తుకోలేనని మా అత్తగారు కాళ్ళావేళ్ళా పడితే, తెల్లబరచడమనే అబద్ధం డాక్టరమ్మగారే అల్లి ఇచ్చారట. నాలుగు నెలలు నిజంగానే మానేశారు. తగ్గిపోయిందని నేను చెప్పాక, తగ్గిపోయింది కదా అని మళ్ళీ ముట్టించారు. చుట్ట సంగతి మా వారికి మొదటినుంచీ తెలుసు, నోటిలో మచ్చ సంగతి తెలియదు. తల్లి పరువు కోసం నా నిందలన్నీ నెత్తిన వేసుకున్నారు.

ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సరని తేలింది, గుంటూరులో ఆపరేషను చేసి అంగిలిలో కొంత భాగం తీసేశారు. ఆ ఖాళీకి డాక్టరమ్మగారు తన చేతులతో ఒక ప్లేటు తయారుచేసి, నెలనెలా సరిచేసి పెట్టేవారు. ఈసారి ప్రతి మొదటి శనివారం నేనే తీసుకెళ్ళాను. మా అత్తగారు మరో నాలుగేళ్ళు బతికారు. కానీ మాట ముక్కులోంచి వచ్చేది, మంచినీళ్ళు కూడా ప్లేటు లేకుండా తాగలేకపోయేవారు, చర్చిలో మళ్ళీ వాక్యం చదవలేదు. ఆ అయిదు నెలలు పోకుండా ఉంటే ఏమయ్యేదని డాక్టరమ్మగారిని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. జీవితంలో నేను రుజువు అడగకుండా వదిలేసిన సంగతి అదొక్కటే.

ఒక సాయంత్రం వసారాలో మా అత్తగారి ప్లేటు కడిగి ఇస్తూ, అబద్ధం చెప్పాను క్షమించండి అత్తయ్యా అని ఏడ్చేశాను. నేను వినాలనుకున్న మాటే నువ్వు చెప్పావు, అందుకే నమ్మేశానన్నారు. చిన్నప్పుడు దోనె మీద నాన్న చూస్తాడని నిప్పు లోపలికి పెట్టుకోవడం నేర్చుకున్నాననీ, పెళ్ళయ్యాక ఆ బాధ తప్పిందనీ చెప్పారు. ఆ ముక్కు గొంతుతోనే, "నువ్వు కాపరానికి రాకముందు ఇదిగో, ఈ వసారాలోనే కూర్చుని అందరిలాగే కాల్చేదాన్నే అమ్మాయ్. చదువుకున్న పిల్లవి, అన్నీ చూస్తావు. నువ్వొచ్చాక మళ్ళీ లోపలికి తిప్పాను" అన్నారు. నిందించడానికి అనలేదు, ఏదో పాత సంగతి చెప్పినట్టు చెప్పారు. నాకు మాత్రం ఆ మాట ఈ పూటకీ మింగుడు పడలేదు.

ఇప్పటి పళ్ళాసుపత్రుల్లో కుర్చీలో వాల్చగానే నోట్లోకి కెమెరా వస్తుంది, అంగిలి మొత్తం టీవీలో గుమ్మమంత వెడల్పున కనిపిస్తుంది. ఎవరూ ఎవరినీ తెర వెనక బతిమాలుకోనక్కర్లేదు, డాక్టరు కూడా మన కోసం అబద్ధం ఆడడు. అంతా మంచికే కావచ్చు. మొన్న ఇంటికి బయలుదేరేముందు ఆ కాగితం మళ్ళీ అడిగి తీసుకుని, ఖాళీ గడిలో, మా అత్తగారికి ఉండేది, నా వల్ల దాచుకున్నారు అని రాశాను. ఆ అమ్మాయి చదివి, ఇంత అక్కర్లేదండీ, అవును అని టిక్కు పెడితే చాలండీ అంది.

మా వంటింట్లో ఇప్పుడు గ్యాసు లైటరు ఉంది. కరెంటు పోతే కొవ్వొత్తికని ఒక్క అగ్గిపెట్టె గూట్లో ఉంచుతాను. అలవాటు చావక దాని మీద ఇప్పటికీ పెన్సిలుతో తేదీ వేస్తాను, అప్పుడప్పుడు తెరిచి పుల్లలు చూస్తాను. లెక్క ఒక్కసారి కూడా తప్పదు. తప్పితే బాగుండునని చూస్తూ ఉంటాను.