నాన్నగారి పేరున్న పెట్టె

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. పడితే పడనివ్వండి. నాన్నగారి సంవత్సరీకానికి ఒక పుస్తకం వేస్తున్నాం, ఆయన జీవితం గురించి నాలుగు పేజీలు రాసిపెట్టమని అన్నయ్య ఊరినుంచి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. "కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యావు, నువ్వు కాకపోతే ఇంకెవరు రాస్తారే" అంటాడు. సరే రాద్దామని ఏలూరులో మా ఇంటి వరండాలో కూర్చుంటే ఇది వచ్చింది. దీన్ని ఆ పుస్తకంలో వెయ్యరు. వెయ్యమంటే అన్నయ్య మళ్ళీ నా గుమ్మం తొక్కడు.

మాది ఆకివీడుకి దగ్గర్లో, కొల్లేటి పక్క ఊరు. నాన్నగారు చేపల కమిషన్ వ్యాపారంతో మొదలుపెట్టి, చెరువులు తవ్వించి, చివరికి ఐసు ఫ్యాక్టరీ పెట్టారు. మా చేపలు మా ఐసులోనే కలకత్తా లారీ ఎక్కేవి. ఆయన దేవుడేమీ కాదు. ఆయన చెరువు గట్లు కొల్లేటిలోకి ఎంత దూరం పోయాయో ఇంట్లో ఎవరమూ అడగలేదు. ఆ గట్ల మీద వచ్చిన డబ్బుతోనే నేను ఎమ్మే చదివాను కాబట్టి నాకు అడిగే మొహమూ లేదు. చేతికి ఎముక లేని మనిషన్న పేరు ఆయనకి ఆ తరవాత వచ్చింది. స్కూలుకి గదులు కట్టించారు, బస్సుల కోసం ఎండలో నిలబడేవాళ్ళకి షెడ్డు వేయించారు, ముసలివాళ్ళకి కళ్ళ ఆపరేషన్లు చేయించారు. కానీ ఊరు ఆయన్ని గుర్తుపెట్టుకున్నది వీటితో కాదు, శవాలని ఉంచే పెట్టెతో.

ఆ పెట్టె ఎందుకు కొన్నారో ముందు చెప్పాలి. మా నానమ్మ పోయినప్పుడు తుఫాను. జంగారెడ్డిగూడెం నుంచి మేనత్త రావాలి. దారులన్నీ నీళ్ళు, బస్సుల్లేవు. కూతురు చూడకుండా ఎలా తీసుకెళ్తామని నాన్నగారు ఫ్యాక్టరీ నుంచి ఐసు దిమ్మలు తెప్పించి, కింద ఊక పోయించి, నానమ్మని వాటి మీద పడుకోబెట్టారు. పైన కూడా ఐసు కొట్టి చల్లారు. మర్నాడు అత్త నడుంలోతు నీళ్ళలో నడిచి వచ్చింది. వస్తూనే తల్లి ముఖం మీద ముఖం పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది. నాని, ఉబ్బి, తెల్లగా పాలిపోయిన ముఖం అది. "అమ్మ దగ్గర చేపల వాసనొస్తోందిరా" అంది. నాన్నగారు తల వంచుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. పిలిచినా చాలాసేపటి దాకా లోపలికి రాలేదు.

అందుకని, ఫ్రీజరు పెట్టెలు దొరుకుతున్నాయని తెలియగానే ఆయన ఒకటి కొని ఊరికిచ్చారు. "మన ఊళ్ళో ఇంకెవర్నీ చేపలా ఐసులో పెట్టకూడదు" అన్నారు. పైన అద్దం మూత, పక్కన ఎర్ర రంగుతో బారెడు అక్షరాల్లో ఆయన పేరు. అమ్మ ఊరుకుంటుందా! "ఏవండీ, పోయినవాళ్ళు కూడా మీ పేరు చదువుకుంటూ పోవాలా?" అంది. "పేరు లేకపోతే ఎవడో ఎత్తుకుపోతాడే" అన్నారు. పేరంటే ఆయనకి సరదాయే, అబద్ధమెందుకు? ఊళ్ళో ఎవరైనా మోటారు సైకిలు జోరుగా నడిపితే "నెమ్మదిరోయ్, ఆయన పెట్టె ఖాళీ లేదు" అని అరిచేవారు. పండక్కో పబ్బానికో తాడేపల్లిగూడెంలో మా అత్తవారింటికి వెళ్తే మా ఆడపడుచు "మీ నాన్నగారు ఊరందర్నీ పెట్టెలో పెట్టేస్తున్నారట కదా వదినా" అని పకపకా నవ్వేది. నాకు తల కొట్టేసినట్టుండేది. అదీ ఒక సిగ్గేనా అని ఇప్పుడనిపిస్తుంది.

ఆ పెట్టెకి నాన్నగారు పెట్టిన నియమం ఒక్కటే. ముందు ఎవరు అడిగితే వాళ్ళది. పెద్ద వీధైనా సరే, కాలవ అవతల క్రైస్తవుల పేటైనా సరే, మా ఐసు వ్యానే దాన్ని ఇంటి ముందు దింపి వస్తుంది. "వాళ్ళంతట వాళ్ళు పంపేదాకా ఎవడూ వెళ్ళి అడక్కూడదు. నేను పోయినా అంతే. ఖాళీగా ఉంటే నన్ను పెట్టండి, లేకపోతే పొద్దుగూకేలోగా తగలెయ్యండి" అనేవారు, అన్నం కలుపుకుంటూ. "చాల్లెండి, ఏం మాటలవి కంచం ముందు" అని అమ్మ కసురుకునేది. ఆ మాట అన్నయ్యా విన్నాడు, నేనూ విన్నాను.

నాన్నగారు పోయారని తెల్లవారుతూనే ఫోనొచ్చింది. నేను ఏలూరు నుంచి కారులో వెళ్ళేసరికి ఆయన్ని పెట్టెలో ఉంచేశారు. బెంగుళూరు నుంచి మా అమ్మాయి రావాలి. అన్నయ్యకైతే అంతకన్నా పెద్ద పని ఇంకోటుంది, మర్నాడు ఒక నాయకుడు వచ్చి దండ వేస్తారని కబురొచ్చింది. నేను ఏడుస్తూ పెట్టె దగ్గర కూలబడ్డాను. మా పాలేరు ఆ అద్దాన్ని గోటితో గీకుతున్నాడు. ఏదో బంగారు రంగు కాగితం. కళ్ళు తుడుచుకుని చూస్తే, కత్తిరించి అతికించిన శిలువ. సగం ఊడింది, సగం ఇంకా నాన్నగారి ముఖం మీదుగా అంటుకునే ఉంది.

"ఇదెక్కణ్ణించి వచ్చిందిరా?" అన్నాను. వాడు అన్నయ్య వైపు చూశాడు.

అన్నయ్య నన్ను పక్కకి తీసుకెళ్ళి చెప్పాడు. ముందు రోజు పేటలో ఒకావిడ పోయింది. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసే కూతురు రేపు పొద్దున్నకి వస్తుంది, అందాకా ఆవిడని ఈ పెట్టెలోనే ఉంచారు. "వాళ్ళనడిగే తెచ్చామే. ఒక్కరు కాదనలేదు" అన్నాడు.

"మనం అడిగితే కాదనగలరా అన్నయ్యా?"

"మరేం చెయ్యమంటావు? ఆయన పేరున్న పెట్టె ఊళ్ళో ఉండగా ఆయన్ని అద్దె పెట్టెలో పడుకోబెడితే రేపొచ్చే పెద్దలేమనుకుంటారు? వాళ్ళకి తాడేపల్లిగూడెం నుంచి ఇంకోటి తెప్పిస్తానని మాటిచ్చాను."

"తెప్పించావా?"

షామియానా గురించీ కుర్చీల గురించీ అందరికీ ఫోన్లు వెళ్ళాయి గానీ, పెట్టె కోసం గూడేనికి ఒక్కరూ చెయ్యలేదు. నేనే చేశాను. "రేపు మధ్యాహ్నం దాకా ఖాళీ లేదండి" అన్నారు. ఏలూరులో అడిగితే అక్కడా అదే మాట.

సాయంత్రం ఎవరితోనూ చెప్పకుండా వంతెన దాటి పేటకి వెళ్ళాను. పోయినావిడ నాకు తెలుసు. ఏళ్ళ తరబడి మా ప్యాకింగ్ షెడ్డులో చేపల మీద ఐసు చల్లింది. నేను పుట్టింటికి వచ్చానని తెలిస్తే "అమ్మగారూ, కొరమీను దాచానండి మీకు" అని వంటింటి గుమ్మం దగ్గరికి తెచ్చేది. ఇప్పుడు ఇంటి ముందు టార్పాలిన్ కింద, ఊక మీద, ఐసు దిమ్మల మీద ఉంది. నీళ్ళు కారి వీధిలోకి పోతున్నాయి. అప్పటికే ఆ ముఖం నానడం మొదలైంది. ఆ ముఖాన్ని నేను ఒకసారి చూశాను, మా ఇంట్లోనే.

ఆవిడ భర్త గబగబా లేచి కుర్చీ వేశాడు. "మీ ఫ్యాక్టరీలోదేనండి ఐసు. అడగ్గానే ఇచ్చారండి" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే కృతజ్ఞతగా అన్నాడు. అదే ఎత్తిపొడుపైతే ఎంత బాగుండును!

"పెట్టె పంపించేస్తాను. ఇప్పుడే పంపిస్తాను. మీరు ఒక్క అరగంట ఆగండి" అన్నాను. మా ఇంట్లో ఆయన్ని ఎవరూ ఎన్నడూ "మీరు" అనలేదు. ఆ మాటకి ఆయన ఇంకా ముడుచుకుపోయాడు.

"వద్దండి అమ్మగారూ. పడుకోబెట్టిన మనిషిని మళ్ళీ కదపకూడదండి. అయ్యగారి పెట్టె అయ్యగారికే గదండి" అన్నాడు.

కాదు, అది మీదే, ముందడిగినవాళ్ళదే అని నాన్నగారు చెప్పారు అనాలి నేను. అనలేదు. ఎందుకు అనలేదో రాయాలంటే, ఛీ, చెయ్యి ఆడటం లేదు. ఆయన వద్దనగానే నా ప్రాణం కుదుటపడింది. హమ్మయ్య, మా అమ్మాయి తాతయ్య ముఖం చక్కగా చూస్తుంది అనుకున్నాను. ఒక నమస్కారం పెట్టి, తడిసిన చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఇంటికొచ్చేశాను. ఎక్కడికెళ్ళావని అమ్మ అడిగితే ఊరికే అన్నాను.

మర్నాడు పొద్దున్న కాలవ అవతల్నించి "అమ్మా" అని ఒక్క కేక వినిపించింది. దాని వెనక ఏడుపు కోసం చూశాను. చాలాసేపు ఏమీ వినిపించలేదు. నాకు మా అత్త గుర్తొచ్చి లోపలికి వెళ్ళి చెవులు మూసుకున్నాను. మా అమ్మాయి వచ్చి, "తాతయ్య నిద్రపోతున్నట్టే ఉన్నారమ్మా" అని ఏడ్చింది. నాయకుడు మధ్యాహ్నం వచ్చారు. కారు ఇంజను ఆపలేదు. దండ వేసి, పెట్టె మీది పేరు కనిపించేలా ఫోటో దిగి వెళ్ళిపోయారు. అన్నయ్య ముఖం వెలిగిపోయింది.

పెద్దకర్మ నాడు సంతాప సభ పెట్టాం. వక్తలందరూ కర్ణుడన్నారు, శిబి అన్నారు. ఆఖర్న అన్నయ్య మైకు పుచ్చుకుని, నాన్నగారి పేరు మీద ఊరికి రెండో పెట్టె ఇస్తున్నామని ప్రకటించాడు. "ఎవర్నీ చేపలా ఐసులో పెట్టకూడదన్నదే ఆయన ఆశయం" అన్నాడు. చప్పట్లు కొట్టారు. వెనక వరసలో పేటలో పోయినావిడ భర్త, ఆ ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా కొట్టాడు.

సభ అయ్యాక ఆయన కూతుర్ని తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆ పిల్లకి ముప్ఫయి దాటి ఉంటాయి, కళ్ళ కింద నల్లగా ఉంది. నాన్నగారి ఫోటోకి దణ్ణం పెట్టుకుంది.

"రేపే మళ్ళీ వెళ్ళిపోతున్నానండి. ఇంకా సెలవివ్వరండి అక్కడ" అంది. "మా అమ్మకే అదృష్టం లేదండి అమ్మగారూ. ఆ రోజు పెట్టె వేరే ఊళ్ళో ఉండిపోయిందంట గదండీ, నాన్న చెప్పాడండి. ముఖం... నాకు గుర్తు తెలియలేదండి. అయ్యగారు బతికుంటే ఎక్కడున్నా తెప్పించేవారండి."

"అమ్మా, ఆ పెట్టె..." అని నోరు తెరిచాను.

ఆ పిల్ల వెనక నిలబడ్డ ముసలాయన నా కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. కోపం లేదు ఆ చూపులో, వేడుకోలు ఉంది. మా పరువు కోసం కాదది. కూతురు ఆ సంగతి తెలిసి విమానం ఎక్కకూడదు, పరాయి దేశంలో పరాయి ఇల్లు తుడుస్తూ దాన్ని తలుచుకోకూడదు. పేటలో అందరినీ ఆ మాటే చెప్పమని ఆయన బతిమాలుకుని ఉంటాడు. చెప్పేసి ఏడుద్దామంటే, నా గుండె బరువు దిగుతుంది గానీ అది పోయి ఆ పిల్ల మీద పడుతుంది.

"భోంచేసి వెళ్ళమ్మా" అన్నాను.

"అలాగేనండి" అని పోయి తండ్రి పక్కన బంతిలో కూర్చుంది. వడ్డించేవాళ్ళ చేతిలోంచి గిన్నె లాక్కుని నేనే వడ్డించాను. "చాలండి, అమ్మగారూ, ఇంక చాలండి" అని ఆ పిల్ల విస్తరికి రెండు చేతులూ అడ్డం పెడుతున్నా వడ్డిస్తూనే ఉన్నాను.