తాడు పట్టినవాళ్లకే తీర్పు

నన్ను బస్సులోంచి దింపేసిన మనిషే, నేను రాలేదని హాజరుపట్టీలో రాసేశాడు. నేను రాత్రుళ్లు జనపనార మిల్లులో పనిచేస్తూ, పగలు యూనివర్సిటీలో నేరశాస్త్రం ముఖ్యాంశంగా బి.ఏ. చదువుతున్నాను. కోర్టు గడప తొక్కకుండా సముద్రపు ఊళ్లలో తగవులు ఎలా తీరుస్తారో క్లాసంతా బస్సులో వెళ్లి చూసి రాయాలి. రాయనివాణ్ణి పరీక్షకు కూర్చోనివ్వరు. విజయనగరం కోట దగ్గర, తెల్లారకముందే, మా లెక్చరరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఆ మిల్లు నూనె కంపుతో అందరి మధ్యా కూర్చుంటావా? దిగు" అన్నాడు. దిగాను. కానీ ఇంటికి పోలేదు.

మేం చూడాల్సిన శ్రీకూర్మం ఒడ్డుకు వెళ్లాలనుకునేవాళ్లు విజయనగరంలో మొదటి శ్రీకాకుళం బస్సు పట్టుకోండి. రెండున్నర గంటలు ఒళ్లు హూనమవుతుంది. అక్కణ్ణుంచి శ్రీకూర్మానికి నేను జట్కా ఎక్కాను. ముగ్గురు కలిస్తే తలా అర్ధరూపాయి.

"ఏటి బాబూ, ఎవులి మీద ఆ మొకం?" అన్నాడు జట్కా అతను.

"మా లెక్చరరు మీద. గుర్రాన్ని కొంచెం అదిలించు."

"దానికీ నీకూ తగువు నేదు గదా! సరిగ్గా కూకో."

శ్రీకూర్మం గుడి ముందు మా వాళ్ల బస్సు ఆగి ఉంది. దర్శనం, పులిహోర. నేను ఆగకుండా సరుగుడు తోటల్లోంచి గంటసేపు నడిచి ఒడ్డు చేరాను. అప్పటికి అలివి వల లాగుతున్నారు. పెద్ద వల అది, రెండు తాళ్ల మీద ఊరు ఊరంతా వేలాడుతోంది.

"ఒరే, సూత్తన్నావేటి? సేతుల్నేవా? పట్టు!" అని కేకేశాడు ఊరి పెద్ద నూకయ్య. పట్టాను. నా పక్కన పోలిగాడనే బక్కమనిషి, "నడుం వంచు మావా, తాడు నిన్ను మింగేత్తాది" అని నవ్వాడు. వల ఒడ్డుకొచ్చేసరికి నా అరచేతుల తోలు లేచిపోయింది.

అప్పుడే మా బస్సు జనం బూట్లతో దిగారు. లెక్చరరు గడియారం చూసుకుంటూ, "పంచాయితీ మొదలుపెట్టండి, మాకు టైము లేదు" అన్నాడు.

నూకయ్య ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "తాడు ముట్టనోలు ఇక్కడ కూకోడానికి నేదు బాబూ. అలగ సరుగుడు నీడలో కూకోండి."

"మరి వాడు?" అని నన్ను చూపించాడు లెక్చరరు.

"ఆడు మావోడు. సేతులు సూడు."

తగవు పోలిగాడిదే. వాటాలు వెయ్యకముందే నిన్న రెండు కోనాం చేపలు పంచెలో దాచాడట. తాడు పట్టిన ఒక్కొక్కరినీ అడుగుతూ నూకయ్య నా దగ్గరికొచ్చాడు. "నువ్వేటంతావు?"

శిక్షాస్మృతి నాకు నోటికొచ్చు. జైలు అనబోయాను. పోలిగాడు తన అరచేతులకేసి చూసుకుంటున్నాడు. అవీ నాలాగే చిట్లి ఉన్నాయి.

"రేపు కూడా తాడు లాగనివ్వండి. వాటా మాత్రం వద్దు" అన్నాను.

"మూడు దినాలు" అన్నాడు నూకయ్య. అందరూ సరే అన్నారు. నా వాటా కింద ఒక చేప నా చేతిలో పెట్టారు.

లెక్చరరు పరుగున వచ్చాడు. "ఏం తీర్పిచ్చారోయ్? చెప్పు, అందరూ రాసుకుంటారు."

"బస్సులో చెబుతానండి" అన్నాను.

ముందు సీట్లో, ఒళ్లో చేప పెట్టుకుని విజయనగరం దాకా చెప్పాను. మిల్లు నూనెకు చేపకంపు తోడైంది. ఒక్క రుమాలూ లేవలేదు.

తీర్పరికి ముద్దాయితో పరిచయం ఉండకూడదని మా పాఠం. ఆ ఒడ్డున ముద్దాయి పక్కన తాడు లాగితేనే నోరెత్తే హక్కు. రెండో పద్ధతిలో నేను ఒక మనిషిని జైలు నుంచి తప్పించాను. దాని గురించి నేను రాసిన పదిపేజీలూ క్లాసంతా చూసి రాసుకుంది. వాళ్లందరూ హాజరు, నేనొక్కణ్ణే గైరుహాజరు!

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: చెప్పులు తోటలోనే వదిలి, అరచేతులకు పాతగుడ్డ చుట్టుకుని వెళ్లండి.

మాష్టారూ, మీకూ ఒక మాట. నా గైరుహాజరు కొట్టేసి, ఈసారి క్లాసంతా జైలు చూడ్డానికి వెళ్లే బస్సులో నా సీటు రాసివ్వండి. శుక్రవారం సాయంత్రం గంట కొట్టేలోపు జవాబు కావాలి.