కోడిగుడ్డు కిటికీ

సమార్ దీవి తీరాన మా ఊళ్లో తియోదులో అనే ఆయన పడవల సందులు పూడ్చేవాడు. చెట్టునార దంచి, గుగ్గిలం, కొబ్బరినూనె పట్టించి, పలకల మధ్య ఉలితో కూరేవాడు. నలభై ఏళ్లలో ఆయన చెయ్యి పడిన పడవ కారిందని ఎవరూ అనలేదు. పెద్దన్నను పిలిచినట్టు మేమందరం ఆయన్ని మనోయ్ అనేవాళ్లం.

భార్య పసెన్సియాకు పక్షవాతం వచ్చి మూడేళ్లు. మంచం పక్క గోడ తప్ప ఆమెకు చూసేందుకేమీ లేదు. పాత చర్చి విప్పేటప్పుడు ఫాదరుగారు దాని కోడిగుడ్డు ఆకారపు కిటికీని మనోయ్‌కిచ్చారు. గాజు బదులు ఆల్చిప్ప రేకులు. దేవుడి వెలుగు ఆమె మంచం మీద పడాలని మనోయ్ ఆశ.

చెక్కగోడ కోసి కిటికీ నిలబెట్టిన రోజు వడ్రంగి ఒనోఫ్రే, నేను సాయం పట్టాం. మనోయ్ చుట్టూతా నార కూరేశాడు.

"అడుగున కాస్త సందు వదులు మనోయ్. దిగిన నీళ్లు బయటికి పోవాలిగా," అన్నాడు ఒనోఫ్రే.

"సముద్రాన్నే రానివ్వనోణ్ణి, వాన నాకో లెక్కట్రా? ముందు నీ బల్లలకి కాళ్లు సమంగా పెట్టుకో."

"పడవలా చుట్టూ బిగించేస్తున్నాడు. నన్ను చేపలవేటకి పంపిస్తాడు కాబోలు," అని మంచం మీంచి పసెన్సియా వంకర మూతితోనే నవ్వింది.

పడవ చెక్క ఎప్పుడూ తడిసి ఉబ్బి, నారను పట్టుకుంటుంది. గోడ చెక్క అలా కాదు. ఐదు నెలల ఎండకు పైఅంచు వెంట్రుకంత విచ్చుకుంది. ప్రతి వానా అందులోంచి లోపలి పలకకీ బయటి పలకకీ మధ్యకు దిగి, అడుగున దారి లేక అక్కడే నిలిచింది. గదిలో చుక్క పడలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పొద్దున్నే ఆ తెల్లటి వెలుగులో ఆమె జపమాల చెప్పుకునేది.

నవంబరు తుఫాను మిట్టమధ్యాహ్నం కొట్టింది. పుచ్చిన గోడ చట్రంతో సహా మంచం మీద పడింది. చట్రం ఎత్తి, పసెన్సియాను తలుపురెక్క మీద, ఊరంతా తలదాచుకున్న బడికి మోసుకెళ్లాం. దారంతా ఒనోఫ్రే తన చొక్కా విప్పి ఆమె ముఖానికి అడ్డం పట్టాడు. నెమ్ము చేరి ఆమె నాలుగోరోజు పోయింది.

తొమ్మిది రోజుల ప్రార్థనలయ్యాక ఒనోఫ్రే తన పలకలు తెచ్చి గోడ కట్టడం మొదలుపెట్టాడు. కిటికీ పెట్టిన రోజు తానన్న మాట ఎత్తనేలేదు.

"చిన్న కిటికీ పెట్టనా మనోయ్?"

"ఎవరు చూడాలని?"

"నువ్వున్నావుగా."



"మూసెయ్ నాయనా," అన్నాడు మనోయ్. పలకలు ఒక్కొక్కటే తనే అందించాడు.