సీనప్ప పురుగులకి పెట్టిన బీగరూట

మిట్టేమరి సీనప్పకి పిచ్చంటే ఒకటే పిచ్చి: పురుగులకి మర్యాద చేసేది. ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, చేను గెనెం గట్టు మీద ఒక సాలు వంకాయ పెట్టి, పొద్దున్నే ఆడ నిలబడి నల్లచుక్కల ఎర్ర పురుగుల్ని పేరుపేరునా పిలుస్తాడు. పెండ్లైనాక వియ్యాలోళ్లకి పెట్టే బీగరూట విందులో కూడా అంత మర్యాద ఉండదు.

"రాండప్పా, రాండి! లేతాకు ఈ తట్టు ఉండాది. మొగమాటం పడొద్దండి!"

"మటన్ లేదా సీనప్పా?" అంటాడు బాటన పోయే గంగప్ప.

"మావోళ్లు ముట్టరప్పా!"

ఊరంతా నగేది. పక్కచేను మంజుశ్రీకి మాత్రం నగు రాలేదు. గార్మెంట్స్ పని ఇడిసిపెట్టి, గుత్తకి తీసుకున్న నేలలో మొదటిసారి ఉర్లగడ్డ ఏసింది పాపం. ఆకులు చూస్తే పచ్చదనమంతా గీరి తినేసి, ఈనెలు మిగిల్చినాయి. జల్లెడే నయం! ఈ పంట పోతే మళ్లీ ఫ్యాక్టరీ బస్సే గతి.

"అంతా ఆయప్ప పనే! పురుగుల్ని పిలిచి మేపుతాండాడు, అవి వచ్చి నా చేన్లో పడతాండాయి!"

కొడవలెత్తుకుని గెనెం మీదికి ఉరికింది.

"అప్పా! ఈపొద్దు నీ బీగులకి పందిరి లేకుండా చేస్తా!"

"ఉండమ్మా! పంక్తి మధ్యలో లేపకూడదు!"

ఎత్తిన కొడవలి ఎత్తినట్లే ఆగిపాయ. వంకాయాకుల మీద పురుగులు సంతలో జనం మాదిరి కిక్కిరిసి ఉండాయి. ఆమె చేను తట్టు నుంచే ఇంకొన్ని బుర్రుమని ఎగిరొచ్చి కూర్చున్నాయి. సీనప్ప ఒక వంకాయ చెట్టు కింద బకెట్టు పెట్టి ఒక్క ఊపు ఊపినాడు. టపటపా సబ్బునీళ్లలో పడినాయి.

"ఊటైంది కదప్పా, ఇంక స్నానాలు కానీండి!"

మంజుశ్రీ గబుక్కున తన చేను చూసుకుంది. కిందాకులు జల్లెడే. పైన కొత్త చిగుర్లకి ఒక్క బొక్క లేదు!

బాట మీద గంగప్ప ఇకిలించినాడు. "ఈటికి ఉర్లగడ్డ కన్నా వంకాయాకే రుచి. ఏటేటా వంకాయ సాలు ఆ కొసన పెడతాండె, తన చేను కాపాడుకునేకి. ఈసారి మీ తట్టుకి మార్చినాడు. ఆ కొసన ఆయప్ప ఉర్లగడ్డ చూడు, ఎట్ల గీకేసినాయో!"

"ఇట్ల యాల చేస్తివప్పా? ఒక మాట చెప్పకూడదా?" అనింది మంజుశ్రీ.

సీనప్ప బకెట్టులోకి చూస్తా గొణిగినాడు. "కొత్తగా సంసారం పెట్టినోళ్లు బీగరూట ఏడ పెడతారమ్మా? మొదటిది పెద్దోళ్లే పెట్టల్ల."

తరవాతి పంటకి మంజుశ్రీ ఉర్లగడ్డ కన్నా ముందు వంకాయ పెట్టింది, సరిగ్గా సీనప్ప చేను పక్కన. పొద్దున్నే కొంగు దోపి గొంతెత్తింది.

"రాండప్పా, రాండి! ఈసారి ఊట మాది!"

"పురుగుల్ని పిలిస్తివి, నన్ను పిలవకపోతివే!" అని అలిగి, సబ్బునీళ్ల బకెట్టు ఎత్తుకుని ఉరికొచ్చినాడు సీనప్ప.