తమ్ముడి చేతి మీది నంబరు

మా తమ్ముడికి పుట్టుకతోనే మాట లేదు, చెవులు వినిపించవు. నడక మాత్రం ఉంది. అన్నం తిని చెయ్యి కడుక్కున్నాడంటే ఎటు పోతాడో వాడికే తెలియాలి. ముసలివాడైనా ఆ కాళ్ళు ఒక చోట నిలవవు. వాడి ఎడమ ముంజేతి మీద నా ఫోన్ నంబరు పచ్చబొట్టుగా ఉంది. నేను ఒక ఫోన్ కంపెనీతో నెలల తరబడి కొట్లాడింది ఆ నంబరు కోసమే.

చిన్నప్పుడు వాడొకసారి తిరుపతి జనంలో తప్పిపోయాడు. నాయన నన్ను వెంటబెట్టుకుని సత్రాలూ రైలు స్టేషనూ బస్టాండూ తిరిగాడు. వాడు దొరికేసరికి నాయన సగమైపోయాడు. వాడిని కూర్చోబెట్టి అన్నం పెట్టినవాళ్ళు మంచివాళ్ళే. నీదే ఊరని అడిగితే వాడు నవ్వాడట. అంతకంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ భయమే. అందుకే చేతికి సెల్‌ఫోన్ వచ్చాక గంగజాతరలో పచ్చబొట్టు పొడిచే ఆమె ముందు వాడిని కూర్చోబెట్టాను.

"ఎవురి పేరు పొడిసేది?" అని అడిగింది.

"పేరు కాదమ్మా, ఈ నంబరు."

"సామి పేరు పొడిపించుకుంటారు, పెండ్లాం పేరు పొడిపించుకుంటారు. నంబరేందప్పా, ఈయనేమన్నా బస్సా?"

"బస్సే. టైము లేని బస్సు."

నవ్వుతూనే పొడిచింది. అప్పటి నుంచి పుత్తూరు నుంచో, కాళహస్తి నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు. "ఈడొకాయన ఉండాడు, చేతి మీద మీ నంబరుండాది" అనేవారు. నేను పోయి పిలుచుకొచ్చేవాణ్ణి. ఏళ్ళు అట్లా గడిచాయి.

తరువాత మా ఇంట్లో సిగ్నల్ పోయింది. మాది వడమాలపేట దగ్గర, రోడ్డుకు కాస్త లోపలికి. టవర్ ఎందుకు ఆగిందో, ఎప్పుడు బాగవుతుందో చెప్పే మనిషి లేడు. పొరుగువాళ్ళ ఫోన్లు వేరే కంపెనీవి, బాగానే మోగేవి. నేను బడిలో రెండో తరగతి దాటలేదు. మామిడికాయల లారీ తోలుతూ మైలురాళ్ళ మీద ఊళ్ళ పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. బొరుగులు కట్టిచ్చిన పేపరు ముక్కను కూడా చదవకుండా పారేయను. నంబరు మార్చుకోకుండా కంపెనీ మారవచ్చని, అది మన హక్కని అట్లాంటి ముక్కలోనే చదివాను. మారతానని మెసేజ్ పెట్టాను. కుదరదని జవాబొచ్చింది. నేను ఏడాది ప్లానుకు ఒప్పుకున్నానట, అది ముగిసేదాకా కదలకూడదట.

ఒప్పుకుంటానన్న మాట నేను ఎవరితోనూ అనలేదు. తిరుపతిలో వాళ్ళ షాపుకు పోయాను. చల్లగా ఉంది, టోకెన్ ఇచ్చారు, కూర్చోమన్నారు. కూర్చోలేకపోయాను. నేను ఇక్కడ ఉన్నంతసేపూ తమ్ముడు అక్కడ ఏ బస్సెక్కుతున్నాడో. నా వంతు రాగానే మేనేజరును పిలవమన్నాను. చిన్న వయసువాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"మీరే ఫోన్లో ఒప్పుకున్నారు పెద్దాయనా."

"నేను ఒప్పుకోలేదు."

"సిస్టంలో ఉండాదే."

"ఒప్పుకున్న మాట వినిపించు. అది చూపించే పని మీది, నాది కాదు. పేపర్లో రాసుండారు."

"అది మా దగ్గర ఉండదు. హెడ్డాఫీసులో ఉంటాది."

"నువ్వు విన్నావా?"

"నేను వినలే. సిస్టంలో ఉండాది కదా పెద్దాయనా, మీరే మర్చిపోయింటారు."

ముసలివాడు మరిచిపోయి ఉంటాడు అనేది అందరికీ దొరికే సులువైన మాట. మా ఊరికి మొదటి కరెంటు స్తంభం దింపిన బండికి కట్టిన ఎద్దుల రంగు కూడా నాకు గుర్తుంది.

"నీదే ఊరు నాయనా?" అని అడిగాను.

"చిత్తూరు పక్కన."

"అయితే కాణిపాకం పోదాం రా. ఇద్దరం కోనేట్లో మునిగి తడిగుడ్డలతో వినాయకుని ముందర నిలబడదాం. ఒప్పుకోలేదని నేను సెప్తా. ఒప్పుకున్నానని నువ్వు సెప్పు. నువ్వు సెప్పినావంటే సంవత్సరం కాదు, బతికినన్నాళ్ళూ మీ కంపెనీలోనే ఉంటా."

వెనక టోకెన్లు పట్టుకున్నవాళ్ళు నవ్వారు. "పో సార్, ఏసీ బస్సులో పిలుసుకుపొమ్మను" అన్నాడొకడు.

మేనేజరు నవ్వలేదు. మా వైపు పొలం గట్టు తగాదా అయినా, దొంగతనం అయినా, పాలల్లో నీళ్ళయినా చివరికి ఆ ఊరి పేరు దగ్గర ఆగుతుంది. ఆ దేవుడి ముందు అబద్ధం చెప్పినవాడు బాగుపడడని నమ్మకం. చాలాసార్లు అంతదూరం పోవలసిన పనే ఉండదు, పేరెత్తితే చాలు.

"ప్రమాణం మాటెందుకులే పెద్దాయనా" అన్నాడు గొంతు తగ్గించి. "మాయమ్మకు తెలిస్తే నన్ను ఇంట్లోకి రానీదు. నేను వినంది విన్నానని యాడా సెప్పను."

"ఆ మాటే రాసియ్యి."

నేను రాసి తెచ్చిన ఫిర్యాదు కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. దాని కిందనే రాశాడు, కస్టమర్ ఒప్పుకోలేదంటున్నాడు, ఒప్పుకున్న ఆధారం షాపులో లేదు అని. సంతకం పెట్టి ముద్ర వేశాడు.

దాంతో కంపెనీలోనే పై అధికారికి అప్పీలు పెట్టుకున్నాను. జవాబు కోసం రోడ్డెక్కి ఫోన్ చేస్తే ఒక ఆడపిల్ల గొంతు, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనేది. ఏ ఊరి గొంతో తెలియదు. ప్రమాణానికి ఎదురుగా మనిషి ఉండాలి, కోనేట్లో తడవడానికి ఒళ్ళుండాలి. ఈ గొంతును ఎక్కడ ముంచేది అనుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి.

ఆ ఎదురుచూపుల్లోనే తమ్ముడు ఒకరోజు పోయి మధ్యాహ్నానికి రాలేదు. ఇంట్లో ఉంటే ఫోన్ మోగదు. వెతకడానికి లోపలి దారుల్లో పోతే సిగ్నల్ ఉండదు. వెతకడమా, ఫోన్ దగ్గర ఉండడమా. పెద్ద రోడ్డు మీద కల్వర్టు దగ్గర మాత్రం సిగ్నల్ రెండు గీతలు వచ్చేది. అక్కడ ఎండలో నిలబడ్డాను. లారీలు పోతున్నాయి. ఒక్కొక్క లారీకి నా గుండె రోడ్డు మీద పడి లేస్తోంది. ఫోన్ మోగింది. ఎత్తాను. కంపెనీ రికార్డు గొంతు. ఫలానా పాట మీ కాలర్ ట్యూన్‌గా కావాలంటే ఒకటి నొక్కండి అంటోంది. కోసేశాను. సరిగ్గా ఆ క్షణంలోనే ఇంకెవరో చేసి, దొరకక, ఊరుకుని ఉంటారేమోనని ఒళ్ళంతా మండిపోయింది. బూతులు తిట్టాను, వినేవాడు లేకపోయినా.

పొద్దు వాలుతుండగా మళ్ళీ మోగింది. ఏర్పేడు నుంచి టీ అంగడాయన.

"శానాసేపట్నుంచి కొడతా ఉండానప్పా, పడతానే లేదు. మీ మనిషి ఈడుండాడు. టీ తాగినాడు, లెక్కడిగితే నవ్వతాడు."

"నవ్వనీలే సామీ" అన్నాను. "ఇంకో టీ ఇయ్యి, వస్తా ఉండా."

అప్పీలుకు జవాబు తరువాత వచ్చింది. మీరు ఒప్పుకున్న ఆధారం మాకు దొరకలేదు, ప్లాను తీసేశాము, చింతిస్తున్నాము అని. మళ్ళీ మెసేజ్ పెడితే ఈసారి కంపెనీ మారే కోడు వచ్చింది. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పుత్తూరులో కొత్త కంపెనీ సిమ్ముకు పోయాను. వాణ్ణి ఇంట్లో వదిలి పోయే ధైర్యం లేదు.

"మారేటప్పుడు కొన్ని గంటలు నంబరు సచ్చిపోతాది తాతా" అన్నాడు షాపతను. "ఎవురు సేసినా పడదు. దీనికింత యాతనెందుకు, మంచి ఫ్యాన్సీ నంబరిస్తా, తీసుకో."

తమ్ముడి చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాను. అతను వంగి చదివాడు. నా ఫారంతో సరిచూశాడు.

"దీన్ని మార్చేది మా వల్ల కాదులే" అన్నాడు.

మారే రోజు నంబరు పొద్దున పోయింది. వాడు అన్నం తిని చెయ్యి కడుక్కుని బయలుదేరాడు. ఆపలేదు, వెనకే నడిచాను. వాడు వెనక్కి తిరిగి చూశాడు, ఎందుకన్నట్టు చెయ్యి తిప్పాడు. వాడిలాగే నేనూ నవ్వాను. పంక్చర్ అంగట్లో వాడికని ఒక పాత టైరు వేసి ఉంది, కాసేపు దాని మీద కూర్చున్నాడు. చెరుకురసం ఆమె అడగకుండానే గ్లాసు ఇచ్చింది. ఇన్నేళ్ళు వాడు తప్పిపోతున్నాడనే అనుకున్నాను. వాడికి పోయే చోట్లున్నాయి.

బస్టాపులో నిలబడి చెయ్యెత్తాడు. బస్సు ఆగింది. కండక్టరు వాణ్ణి చూసి తల ఊపి, నన్ను చూసి, "ఏందీ, ఈపొద్దు జత వచ్చిందే" అన్నాడు.

అప్పుడే జేబులో ఫోన్ కదిలింది. కొత్త కంపెనీ మెసేజ్, స్వాగతం అని. నంబరు బతికింది. నేనిక ఇంటికి పోవచ్చు. తమ్ముడు మెట్టు మీద నిలబడి చెయ్యి చాపాడు, నంబరున్న చెయ్యే. పట్టుకుని ఎక్కాను.

"యాడికి తాతా?" అన్నాడు కండక్టరు.

"నాకేం తెలుసు. ఆయన్నడుగు."