నాయన వాచీకి అమ్మ కీ

మా చిన్నప్పుడు... పొద్దున్నే కళ్లు తెరవకముందే 'కిర్రు... కిర్రు...' మని ఒక చప్పుడు వినబడేది. నాయన గోడకు ఆనుకుని కూర్చుని, ఎడమచేత్తో వాచీ పట్టుకుని, కుడిచేత్తో దానికి కీ ఇస్తుండేవాడు. కాఫీ అయినా ఆ తర్వాతే...

నగరిలో మా వీధి నిండా మరమగ్గాలు. కరెంటున్నంతసేపూ ఆ మోతలో మాటలు కూడా అరుచుకోవాల్సిందే. నాయన ఒక షెడ్డులో మగ్గం నడిపేవాడు. పనిలోకి దిగగానే వాచీ విప్పి మేకుకు తగిలించి, నూలు దుమ్ము పడకుండా పైన చేతిరుమాలు కప్పేవాడు. పిల్లలం దాన్ని ముట్టుకోకూడదు. అమ్మ కూడా ముట్టుకునేది కాదు. దేవుడి పటాలైనా తుడవనిచ్చేవాడు గానీ వాచీ జోలికి రానిచ్చేవాడు కాదు మహానుభావుడు!

ఒకసారి సైకిల్ మీద నూలు మూట తెస్తూ వానలో జారిపడ్డాడు. ఎడమచెయ్యి విరిగింది. మా వైపు ఎముక విరిగితే ఇంకో ఆలోచన ఉండదు... పుత్తూరు కట్టే. ఆకు పసరు పూసి, కోడిగుడ్డు సొనతో గుడ్డ చుట్టి, వెదురు దబ్బలు పెట్టి కట్టు కట్టారు. వాచీకి మాత్రం గీత కూడా పడలేదు.

ఇంటికొచ్చాక ఆయన మనిషే మారిపోయాడు. మగ్గం మీద తెగిన పోగు ముడివేయాలంటే రెండు చేతుల వేళ్లూ చురుగ్గా కదలాలి. చెయ్యి సరిగ్గా కూడుకోకపోతే? ఆ మాట నోటితో అనలేదు... గోడవైపు తిరిగి పడుకునేవాడు, అంతే. ఒంటిచేత్తో కీ ఇవ్వడం కుదరదు కదా, వాచీ ఆగిపోయింది.

"ఏమయ్యా, వాచీ నిలిచిపోయినాదే" అంది అమ్మ.

"నిలిచిపోనీ మే. ఇంట్లో పడుండేవానికి టైముతో ఏం పని ఉండాది?"

అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు ఆయన కళ్లు మూసుకుని ఉండగా అమ్మ ఆ వాచీ తీసింది. భయపడుతూనే కీ ఇచ్చింది. సరే, ముళ్లు ఎక్కడ పెట్టాలి? అమ్మ బడికి పోలేదు, గడియారం చూడటం రాదు. పక్కింట్లో అడిగితే వీధంతటికీ తెలుస్తుందని ఆమెకు బిడియం. మా ఊరి మీదుగా పొద్దున ఒక ప్యాసింజరు వెళ్లేది. అందరూ దాన్ని 'ఎనిమిది గంటల బండి' అనేవాళ్లు. దాని కూత వినబడగానే అమ్మ నన్ను పిలిచి, ఎనిమిదికి ముళ్లు ఎక్కడుండాలో చూపించమని, అక్కడ పెట్టేసింది.

ఆ బండి ఎనిమిదికి వచ్చిన పాపాన పోలేదు ఏనాడూ!

ఇంక బోలెడు టైముందని అమ్మ తీరిగ్గా దోసెలు పోసింది. వీధిలో పిల్లలు సంచులు తగిలించుకుని పరుగెత్తుతుంటే, "ఈ పొద్దు వీళ్లకేం తొందరో" అనుకుంది. చెల్లెలూ నేనూ బడికి చేరేసరికి ప్రార్థన ఎప్పుడో అయిపోయింది. అయ్యవారు ఇద్దరినీ బయట నిలబెట్టారు. మధ్యాహ్నం చెల్లెలు ఏడుస్తూ ఇంటికొచ్చి, అమ్మ వాచీని చెడగొట్టిందని నాయనకు చాడీ చెప్పింది.

నాయన లేచి కూర్చున్నాడు. "వాచీ ముట్టినావా?"

అమ్మ కొంగు నలుపుతూ బండి సంగతి చెప్పింది. ఇంక అయిపోయింది, తిట్లే అనుకున్నాం...

"రైలును సూసి వాచీ పెడితివా మే! మన రైలునా!" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుకు కట్టు కదిలి నొప్పి పుడుతున్నా, చెయ్యి పట్టుకుని మరీ నవ్వాడు. పడిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. అమ్మ మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

మర్నాటి నుంచి ఆయనే వాచీ ఆమె చేతికిచ్చేవాడు. "నిదానంగా తిప్పు... బిగువు తగలంగానే నిలిపెయ్యి. జాస్తి తిప్పితే స్ప్రింగు తెగిపోతాది, సూడు." ముళ్లు చూడటం కూడా అలాగే నేర్పాడు.

కట్టు విప్పారు. చెయ్యి కాస్త వంకరగా కూడుకుంది గానీ వేళ్లు చక్కగా కదిలాయి. మళ్లీ మగ్గానికి వెళ్లే పొద్దున అమ్మ వాచీ అందిస్తూ, "చెయ్యి బాగైంది గదా, ఇంక నువ్వే ఇచ్చుకో" అంది. ఆయన తీసుకోలేదు.

"నువ్వే ఇయ్యి మే. నీ చేతి కీ అయితే జాస్తిసేపు తిరుగుతాది."

పచ్చి అబద్ధం! ఎవరు తిప్పితే మాత్రం వాచీకేం తెలుస్తుంది... కానీ ఆయన ఉన్నన్నాళ్లూ ఆ అబద్ధమే మా ఇంట్లో సాగింది.

నాయన పోయి చాలా ఏళ్లయింది. అమ్మ తిరుపతిలో మా దగ్గరే ఉంటుంది. మొన్న మావాడు వాళ్ల అవ్వకు స్మార్ట్‌వాచీ కొనిచ్చాడు. గుండె ఎలా కొట్టుకుంటోందో, ఎంత దూరం నడిచిందో, రాత్రి సరిగ్గా నిద్రపోయిందో లేదో అన్నీ చెబుతుంది. ఆమె ఎక్కడైనా పడిపోతే మా ఫోన్లకు కబురు పంపుతుంది. వెటకారం చేయను, మంచి వస్తువే. నా చేతికీ ఒకటుంది... లేచి నడవమని గంటకోసారి నన్ను తిడుతుంటుంది.

అమ్మ ఆ కొత్తదాన్ని ముచ్చటగానే పెట్టుకుంది. పొద్దున్నే మాత్రం నాయన వాచీ తీసి కీ ఇస్తూనే ఉంది. మావాడు ఉండబట్టలేక అడిగాడు, "అంతా ఇదే చెప్తుంటే ఇంక దాంతో ఏం పని అవ్వా?"

అమ్మ తిప్పడం ఆపలేదు.

"ఇది నన్ను కనిపెట్టుకోని ఉంటాది అంటివి గదా, మంచిదే అబ్బోడా. నేను కనిపెట్టుకోని ఉండేదానికి గూడా ఒకటి ఉండాల గదా?"

మావాడు వంగి ఆ వాచీ టిక్కుటిక్కు విన్నాడు.

ఇప్పుడు వస్తువులే మనల్ని చూసుకుంటున్నాయి... రోజూ మనం చూసుకోవాల్సినవే ఒక్కొక్కటిగా ఇంట్లోంచి వెళ్లిపోతున్నాయి. మీ ఇంట్లో కీ ఇచ్చే వాచీ ఏదైనా ఇంకా నడుస్తోందా? నడుస్తుంటే చెప్పండి... దానికి కీ ఇచ్చే చెయ్యి ఎవరిది?